ఆఖరి స్లింగు కేక

ఖిదిర్‌పూర్,
2025 నవంబరు 12

లోయిస్‌కి,

ఈ ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. పోవలసినవాళ్ళంతా ముందే పోయారు, నేనే మిగిలాను. అమ్మ సమాధి దగ్గర మనం ఆఖరిసారి ఎదురుపడి పందొమ్మిదేళ్ళయింది. నువ్వు "అన్నయ్యా" అన్నావు. నేను గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాను. ఆ రోజు వాన కూడా లేదు.

నీ చిరునామా నవదీప్ ఇచ్చాడు. మందిరానికి కొత్తగా వచ్చిన కార్యదర్శి. గుంటూరు కుర్రాడు, మీ న్యూ టౌన్‌లోనే కంప్యూటర్ ఉద్యోగం. వచ్చే ఈస్టరుకి మన మందిరానికి నూరేళ్ళు నిండుతాయట, సంచిక వేస్తున్నారట. "తాతగారూ, జూబిలీ అన్న మాట ఎక్కడిదో, దాని అర్థమేమిటో రెండు పేజీలు రాసివ్వండి. ఖిదిర్‌పూర్ తెలుగువాళ్ళలో పుస్తకాలున్నది మీ ఇంట్లోనే అంటున్నారు" అన్నాడు. యాభై ఏళ్ళుగా ఆ గడప తొక్కని మనిషిని అడుగుతున్నానని వాడికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు. మనవాళ్ళకి చెప్పకూడనివన్నీ చెప్పడం, చెప్పవలసినవి మింగడం మొదటినుంచీ అలవాటు.

వెళ్ళగొడదామనుకున్నాను. కానీ మాట మీద మనసు పడింది. హెబ్రీ భాషలో 'యోబేలు' అంటే పొట్టేలు కొమ్ము. యాభయ్యో ఏట ఆ కొమ్ము ఊదేవారు. అది వినబడగానే బానిసను విడిచిపెట్టాలి, ఎవరి నేల వాళ్ళకి తిరిగివ్వాలి, దూరమైనవాడు తన ఇంటివాళ్ళ దగ్గరకు వెళ్ళిపోవాలి. మన పాత అనువాదకులు దీన్ని 'సునాదం' అన్నారు. మంచి మాటే, మరీ శుభ్రమైన మాట. కొమ్ము మోత అంత శుభ్రంగా ఉండదు. బొంగురుగా ఉంటుంది, ఊదినవాడి ఉమ్మి పడుతుంది.

వ్యాసం రాస్తాను. చివర్లో 1976 ఈస్టరు గురించి కూడా రాస్తాను. అదీ జూబిలీయే కదా, మొదటిది. ఆ రోజు మన నాన్న కేకను చంపినవాడి పేరు అచ్చులో పడాలి. అంటే మీ ఆయన పేరు. వెనకనుంచి కొట్టడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరం ఎరిక్‌కి చదివి వినిపించు.

ఈ ఏడు పొగమంచు తొందరగా వచ్చింది. పొద్దున్నే కిటికీ తీస్తే డాకులో క్రేన్లు మెడలదాకా మునిగి ఉంటున్నాయి. నాన్న ఇంకా ఏదో ఓడ అడుగున ఉన్నట్టు, పైకి రావడం కాస్త ఆలస్యమవుతున్నట్టు అనిపిస్తుంది.

దయారత్నం


న్యూ టౌన్,
నవంబరు 24

అన్నయ్యకు,

నీ చేతిరాత చూడగానే పోస్టు కవరు మీదే చెయ్యి పెట్టి కూచుండిపోయాను. మా ప్రణతి వచ్చి "ఏటి నాన్నమ్మా, బిల్లా?" అంది. "మా అన్నయ్య" అన్నాను. "నీకు అన్నయ్య ఉన్నాడా?" అంది. దానికి ఇరవై రెండేళ్ళు. చూడు మనం ఎంత బాగా బతికామో.

నీ ఉత్తరం ఆయనకి చదివాను. విన్నారు. ఆయన బాగానే ఉన్నారు. మాది ఆరో అంతస్తు, గాలి బాగా వస్తుంది. బాల్కనీలో కూచుంటారు. ఎదురుగా ఇంకో పెద్ద బిల్డింగు లేస్తోంది, దాన్ని చూస్తూ ఉంటారు.

పొట్టేలు కొమ్ము సంగతి నాకు చాలా నచ్చింది. ఇంకా రాయి. ప్రణతి తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. "ఈ తాత రాత చీమలు పాకినట్టుంది" అంటూనే నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆ కేక ఏటో, నాన్న ఏం చేసేవారో దానికేమీ తెలియదు. నేను చెప్తే సరిగ్గా రాదు. నువ్వు రాయి, దాని కోసమైనా.

ఆయన పేరు మాత్రం అచ్చెయ్యకు అన్నయ్యా. ఎందుకో ఇప్పుడు అడక్కు.

నీ చెల్లి
లోయిస్


ఖిదిర్‌పూర్,
డిసెంబరు 10

లోయిస్‌కి,

'ఎందుకో అడక్కు' అన్నావు. సరే, అడగను. నా ఉత్తరానికి ఆయన జవాబు ఒక్క మాట కూడా నీ ఉత్తరంలో లేదు. ఆనాడూ ఇంతే, నలుగురిలో నిలదీస్తే ఎందుకు చేశాడో చెప్పలేదు. మౌనంగా ఉన్నవాడు గొప్పవాడైపోతాడు, అరిచినవాడు చెడ్డవాడైపోతాడు. ఈ లోకం తీరే అంత.

ప్రణతి కోసం రాస్తున్నాను. నిదానంగా చదువమ్మా.

మా నాన్న పెద్దిరాజు ఖిదిర్‌పూర్ డాకులో కూలీ. ఓడ అడుగున, చీకట్లో, పైకెత్తవలసిన గోనె బేళ్ళకి తాడు కట్టడం ఆయన పని. తాడు కట్టిన బరువును స్లింగు అంటారు. దాన్ని లాగే యంత్రం, వించి, ఓడ పైన ఉంటుంది. దాని దగ్గర మీ ఎరిక్ తాత వాళ్ళ నాన్న. పైవాడికి కిందివాడు కనబడడు. కిందివాడు కేక వేస్తే పైవాడు లాగాలి. రోజంతా మామూలు కేకలే. ఓడ ఖాళీ అయి ఆఖరి స్లింగు కట్టినప్పుడు మాత్రం వేరే కేక. దానికి మాటల్లేవు. అడుగునుంచి లేచి, ఇనుప గోడలకి తగిలి పెద్దదై, ఆకాశంలోకి వచ్చేది. పైనుంచి ఇంకో కేక జవాబు. ఆ రెండూ కలిస్తే పని అయిపోయినట్టు, చీకట్లో ఇక ఎవరూ మిగలనట్టు.

మన మందిరం కట్టింది ఆ కూలీలే. ఈస్టరు పొద్దున్న వాళ్ళొక ఆచారం పెట్టుకున్నారు. తలుపులు మూసి అందరూ లోపల కూర్చుంటారు. బయట వసారాలో ఒకే ఒక్క మనిషి. ఆయన ఆఖరి స్లింగు కేక వేస్తాడు. లోపలినుంచి ఒకరు జవాబు వేస్తారు. అప్పుడు తలుపులు తెరుస్తారు. ప్రసంగం అక్కర్లేదు. మరణంలోంచి లేవడమంటే ఏమిటో ఓడ అడుగున పనిచేసినవాడికి ఇంకొకరు చెప్పాలా? ముప్పై ఏళ్ళు బయటి కేక మా నాన్నది. 1975లో ఆయన పోయారు. మరుసటేడు, జూబిలీకి, బయట నేను నిలబడాలి. లోపల ఎరిక్. వాళ్ళ నాన్న తర్వాత వించి మీదికి తనే వెళ్ళాడు, జవాబు తనే నేర్చుకున్నాడు.

బిషప్పు గారు వచ్చారు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు వచ్చారు. నేను నోరు తెరిచేలోగా లోపల హార్మోనియం మోగింది. కీర్తన ఎత్తుకున్నారు, తలుపులు తెరిచారు. వాయించింది ఎరిక్. పెద్దమనుషుల ముందు కూలీ కేక వినబడకూడదనుకున్నాడు. తర్వాత కమిటీలో "అవును, నేనే ఆపాను, ఇక ఈ కేక వద్దు" అని తన నోటితోనే చెప్పాడు. అంతే, ఆచారం పోయింది. డాకు జనం తనని 'కేక మింగినోడు' అని పిలిచారు. ఆ పేరు పెట్టింది నేనే.

ఇప్పుడు మాట సంగతి. రోమనుల భాషలో 'యూబిలారే' అని వేరే మాట ఉంది. పొలాల్లో, కొండల మీద పశువుల వెనక పల్లెటూరివాళ్ళు పెట్టే కేక అది. సంతోషం మాటల్లో పట్టనంతగా పొంగినప్పుడు నోరు తెరుచుకుంటుంది, మాట రాదు, గొంతొక్కటే వస్తుంది. పొట్టేలు కొమ్ముకీ ఈ కేకకీ చుట్టరికం లేదు. రెండూ ఒకలా వినబడుతున్నాయని తర్వాతివాళ్ళు కలిపేశారు. పండితులు దీన్ని పొరపాటంటారు. నాకైతే ఇది వాళ్ళు చేసిన ఒకే ఒక్క మంచి పని.

మన 'ఆర్భాటం' అన్న మాట చూడు. ఒకప్పుడు పెద్ద కేక, మోత. ఇప్పుడు పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లు. మనుషులకే అనుకున్నాను, మాటలకి కూడా సిగ్గేస్తుంది.

దయారత్నం


న్యూ టౌన్,
2026 జనవరి 2

అన్నయ్యకు,

కొత్త సంవత్సరంలో నీకు సుఖం కలగాలి. నీకు ఇష్టం లేకపోయినా కలగాలి.

నేను ఒక సంగతి దాచాను. ఆయనకి మాట పడిపోయి రెండేళ్ళు దాటింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు కూడా రావు. మనం అన్నదంతా తెలుస్తుంది. నీళ్ళు కావాలంటే అనలేరు. నా పేరు అనలేరు. మొదట్లో ఎంత ప్రయత్నించారో, 'లో... లో...' దగ్గర ఆగిపోయి కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునేవారు. ఇప్పుడు ప్రయత్నించడం మానేశారు.

నీకు చెప్పకపోవడానికి కారణం ఉంది. నువ్వు జాలిపడి ఉత్తరాలు ఆపేస్తావేమోనని భయమేసింది. ఆయనకి నీ తిట్లు కావాలి అన్నయ్యా. ఈ ఇంట్లో అందరూ ఆయనతో పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాం. నువ్వొక్కడివే మనిషిలాగా తిట్టావు. 'కేక మింగినోడు' దగ్గర సగం మూతితో నవ్వారు. ఆ పాత రోజుల్లో మేం బజారుకెళ్తే వెనకనుంచి "ఏటి బావూ, కేకలోకి కూరేటి?" అని అరిచేవారు. ఆయన తిరిగి "వంకాయ" అనేవారు. అది గుర్తొచ్చినట్టుంది.

పల్లెటూరివాళ్ళ కేక గురించి చదువుతుంటే ఎడం చెయ్యెత్తి ఆపారు. మళ్ళీ చదవమని సైగ చేశారు. మూడుసార్లు చదివించుకున్నారు.

ఇంకో సంగతి. ఆయన నోట్లో ఒక్క సద్దు మిగిలింది. మధ్యాహ్నం బాల్కనీలో కూచున్నప్పుడు ఉన్నట్టుండి పెద్దగా అరుస్తారు. నొప్పేమోనని పరిగెత్తుకెళ్తే ముఖం ప్రశాంతంగా ఉంటుంది. డాక్టరు అది అర్థం లేని అరుపు, పట్టించుకోవద్దన్నాడు. పక్క ఫ్లాటు బెంగాలీ పెద్దావిడ, మాషీమా అంటాం, మంచిది, ఏమీ అనదు. పైవాళ్ళు మాత్రం సొసైటీలో ఫిర్యాదు పెట్టారు.

లోయిస్


ఖిదిర్‌పూర్,
జనవరి 11

లోయిస్,

ఆ సద్దు ఎలా ఉంటుంది? సరిగ్గా రాయి. ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ తగ్గుతుంది? ఎంతసేపు? రోజూ ఒకే వేళకా? ఆ వేళకి ఎదురుగా ఏం జరుగుతోంది?

జాలి నా దగ్గర దొరకదు. ఆ భయం పెట్టుకోకు.

దయారత్నం


న్యూ టౌన్,
జనవరి 25

అన్నయ్యకు,

నువ్వడిగినట్టు వారం రోజులు కాగితం పట్టుకుని పక్కన కూచున్నాను. ప్రణతి ఫోనులో రికార్డు చేస్తానంది, వద్దన్నాను. ఆయన్ని నాటకం ఆడించినట్టుంటుంది.

మొదట కింద, గుండెలో మొదలవుతుంది. ఒక్క ఊపులో పైకిపోతుంది. అక్కడ కాసేపు నిలబడుతుంది. తెగిపోదు, మెల్లిగా దిగుతుంది, బరువేదో నేల మీద పెట్టినట్టు. ఎదురు బిల్డింగుకి పెద్ద క్రేను ఉంది. ఇనప చువ్వల కట్టలు, సిమెంటు తొట్లు ఎత్తుతుంది. ఉత్తప్పుడు ఆయన పలకరు. మధ్యాహ్నం పని ముగించే ముందు, ఆ రోజుకి ఆఖరి బరువు పైఅంతస్తుకి చేరగానే అరుస్తారు. ఒక్కసారే. అదే ఆఖరిదని ఆయనకెలా తెలుస్తుందో నాకు తెలియదు. ఎప్పుడూ తప్పలేదు.

ఇది రాస్తుంటే నాకు కూడా ఏదో లీలగా అర్థమవుతోంది. నువ్వే చెప్పు.

ఇక రెండోది. నువ్వు అచ్చేస్తానంటున్నావు. ఆ మనిషి జవాబు చెప్పుకోలేడు. అందుకని నేను చెప్తాను, ఆయన చెప్పొద్దన్నా సరే. ఆయన చెప్పొద్దని యాభై ఏళ్ళు చెప్పలేదు, ఇక చాలు.

1976 ఈస్టరునాడు నేను ఆడవాళ్ళ వైపు, వసారా కిటికీ పక్కన కూచున్నాను. చెక్క కిటికీకి సందు ఉండేది, గుర్తుందా? అందులోంచి నువ్వు కనబడుతున్నావు. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా. నీ ఆఫీసు సూపరింటెండెంటు బాబు, ఇంకో ఇద్దరు ఆలస్యంగా వచ్చి, తలుపు మూసి ఉందని నీ పక్కనే నిలబడ్డారు. ఆ బాబు నీతో ఏదో అన్నాడు. నువ్వు నవ్వావు. లోపల అందరూ ఎదురుచూస్తున్నారు. బిషప్పు గారు గడియారం చూసుకున్నారు. చాలాసేపయింది అన్నయ్యా. ఎంతసేపంటే, వెనక వరసలో "పెద్దిరాజు కొడుక్కి గొంతు లేదర్రా" అని గుసగుసలు మొదలయ్యాయి. నువ్వు నోరు తెరవలేదు. నీ చెయ్యి మాత్రం చొక్కా గుండీ తిప్పుతోంది.

మా ఆయన లేచి తలుపు దాకా వచ్చారు, చెక్కకి చెవి పెట్టారు. వెనక్కెళ్ళి హార్మోనియం ముందు కూచున్నారు.

ఆ రాత్రి ఆయన్ని అడిగాను, ఎందుకలా చేశారని. "వాడు మీ నాన్న కొడుకు. రేపణ్ణుంచి డాకులో తలెత్తుకు తిరగాల. నాకేటి, నేను వించోణ్ణి, నా మీద ఏటి పడినా జారిపోతాది" అన్నారు. మర్నాడు కమిటీలో ఆపింది తనేనని చెప్పారు. నువ్వు "అవును, వీడే" అన్నావు.

నిన్ను నొప్పించాలని రాయలేదు. నీ వ్యాసంలో సంగతులు సరిగ్గా ఉండాలని రాశాను. నువ్వే కదా, ఒక్క పొల్లు తప్పినా ఊరుకోవు.

లోయిస్


ఖిదిర్‌పూర్,
మార్చి 1

లోయిస్,

ఐదు వారాలు నీకు రాయలేదు. రాసి చింపినవి లెక్కపెట్టలేదు. వాటిలో ఒకదానిలో నువ్వు అబద్ధమాడుతున్నావని రాశాను. ఇంకోదానిలో కిటికీకి అసలు సందే లేదని రాశాను. ఆ సందు నాకు తెలుసు. చిన్నప్పుడు అందులో నేనే మేకు పెట్టి పెద్దది చేశాను.

సూపరింటెండెంటు బాబు ఏమన్నాడో రాస్తాను. డెబ్బై ఆరేళ్ళు వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. "దయారత్నం, మీవాళ్ళు లోపల దేనికోసం ఎదురుచూస్తున్నారు?" అన్నాడు. చాలా మర్యాదగానే అడిగాడు. "గుమాస్తాగా చేరి ఆరునెలలయింది, నేను రోజూ వీళ్ళ లెక్క రాసే మనిషిని, ఇప్పుడు వీళ్ళలా అరవాలి" అనుకున్నాను. "ఏదో కూలీల పాత ఆచారం సార్" అన్నాను. నవ్వాను. నువ్వు చూసిన నవ్వు అదే. ఆ నవ్వు తర్వాత గొంతులో ఇంకేమీ మిగల్లేదు. నాన్న పోయి నాలుగు నెలలు.

కేకను కూలీ కేక అన్నది ఎరిక్ కాదు. నేను.

హార్మోనియం మోగగానే నాకు హాయనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఒళ్ళు మండేది. ఆ మంటకి ఒక మనిషి కావాలి కదా. తను నా మాట కాదనలేదు. ఒక్కసారి కాదని ఉంటే అప్పుడే దెబ్బలాడుకుని, ఏడ్చి, అయిపోయేది. నన్ను యాభై ఏళ్ళు కాపాడి యాభై ఏళ్ళూ నాశనం చేశాడు మీ ఆయన. చూశావా, ఇప్పుడు కూడా తన మీదికే తోస్తున్నాను.

ఆ సద్దు అర్థం లేని అరుపు కాదు. నీకూ తెలిసే ఉంటుంది. అది వించి జవాబు. వాళ్ళ నాన్నది కూడా అలాగే, పైన కాసేపు నిలబడేది. డాక్టరుకి చెప్పు, చెప్పినా అర్థం కాదు. ఒక్కటే తేడా. అది పిలుపు విన్నాక ఇచ్చే జవాబు. ఇప్పుడు క్రేనువాళ్ళు చేతి రేడియోల్లో మాట్లాడుకుంటున్నారు, ఎవరూ కేక వేయరు. పిలుపు లేకుండానే రోజూ జవాబిస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం కునుకులో ఓడ అడుగున ఉన్నాను. గోనె వాసన, జనుము దుమ్ము వెలుగులో బంగారంలా తేలుతోంది. పైన చదరంగా ఆకాశం. బేళ్ళన్నీ వెళ్ళిపోయాయి, తాడు కిందికి దిగి నా ఎదురుగా ఊగుతోంది. కట్టడానికి ఏమీ లేదు. నాన్న పక్కనే కూర్చుని బీడీ వెలిగించుకుంటూ, "నువ్వే మిగిలావు రా, కట్టుకో" అన్నారు. కోపంగా అనలేదు.

నన్ను రమ్మనకు. మెట్లెక్కితే ఆయాసం. నా గొంతులో ఇప్పుడు దగ్గు తప్ప ఏమీ లేదు.

దయారత్నం


న్యూ టౌన్,
మార్చి 9

అన్నయ్యా,

మా బిల్డింగుకి లిఫ్టు ఉంది.

నీ ఉత్తరం ఆయనకి మొత్తం చదివాను, ఒక్క అక్షరం వదలకుండా. కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఎడం చేత్తో మడిచి జేబులో పెట్టుకున్నారు. స్నానానికి చొక్కా విప్పితే మళ్ళీ అడిగి తీసుకున్నారు.

ఎదురు బిల్డింగుకి పైకప్పు వెయ్యడం అయిపోయింది. ఇక ఎత్తేదేమీ లేదట. వచ్చే సోమవారం నుంచి క్రేను విప్పేస్తారని వాచ్‌మన్ చెప్పాడు. నాలుగు రోజులుగా అది ఊరికే నిలబడి ఉంది. ఈయన కూడా ఊరికే చూస్తున్నారు. నాలుగు రోజులుగా సద్దు లేదు. అన్నం సగంలో వదిలేస్తున్నారు. పైఫ్లాటువాళ్ళు సంతోషంగా ఉన్నారు.

ఆ అరుపు ఆగితే బాగుండునని రెండేళ్ళు ప్రార్థన చేశాను. ఇప్పుడు రాకపోతే భయమేస్తోంది. అది కూడా పోతే ఈ మనిషి లోపల ఒక్కడే ఉండిపోతాడు. పైకి తీసేవాళ్ళు ఉండరు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాం.

లోయిస్


న్యూ టౌన్,
మార్చి 16

అన్నయ్యా,

నువ్వసలు మనిషివేనా? యాభై ఏళ్ళకి వచ్చి గంటసేపు కూచుని, లిఫ్టు అద్దంలో నీ ముఖం నీకే నచ్చలేదని, టీలో అల్లం ఎక్కువైందని, ఈ ఊళ్ళో రోడ్లకి పేర్లే లేవు అన్నీ నంబర్లేనని తిట్టిపోశావు. ఆయన కళ్ళల్లోకి ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన నీ చెయ్యి పట్టుకుంటే "బావా, నీ గోళ్ళు ఎవరూ తియ్యరా?" అన్నావు. ప్రణతి గోళ్ళు తీసేది తెస్తే నువ్వే కూచుని పది వేళ్ళకీ తీశావు. తలెత్తకుండా. తర్వాత "నాకు రాదు లోయిస్, ఇక్కడ కూచుంటే రాదు" అని చెప్పులేసుకున్నావు. నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

తర్వాత జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం నేను రాస్తాను.

కప్పులు కడుగుతున్నాను. కిందనుంచి వచ్చింది. మొదట అదేటో తెలియలేదు. నాన్న అనుకున్నాను. నిజంగా, ఒక్క క్షణం నాకు ఎనిమిదేళ్ళు, నాన్న ఇంకా లోపలున్నారు. మధ్యలో నీ గొంతు పగిలింది, దగ్గొచ్చింది. ఆగిపోయావనుకున్నాను. మళ్ళీ ఎత్తుకున్నావు.

బాల్కనీలోకి పరిగెత్తాను. కింద నువ్వు, గేటు బయట, ఆ క్రేను ఎదురుగా రోడ్డు మీద నిలబడి, తల పైకెత్తి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని. ఇంత చిన్నగా కనబడుతున్నావు. ఓడ అడుగులోకి వంగి తొంగిచూస్తే నాన్న అంతే కనబడేవారట.

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయారు. లేవలేదు. కానీ జవాబిచ్చారు. రెండేళ్ళుగా విన్నది కాదది. అది ఇంటి సద్దు, ఇది డాకు సద్దు. గాజు తలుపు అదిరింది. ప్రణతి నా కొంగు పట్టుకుంది. పక్క బాల్కనీలోంచి మాషీమా తొంగిచూసి, మా ఇంట్లో ఏదో శుభం జరుగుతోందనుకుంది పాపం, నాలుక ఆడించి, వాళ్ళు పెళ్ళిళ్ళలో వేసే ఉలు కేక పెద్దగా వేసింది. పైఫ్లాటాయన "కీ హోలో? కీ హోలో?" అని కిందికి దిగొచ్చాడు. ఏమైందో చెప్పడానికి నాకు బెంగాలీ రాలేదు. తెలుగూ రాలేదు. నవ్వుతున్నాను, అంతే.

మళ్ళీ చూస్తే నువ్వు బస్సెక్కుతున్నావు. వెనక్కి తిరగలేదు.

రాత్రి అన్నం మొత్తం తిన్నారు. ఈ రోజు క్రేను విప్పడం మొదలుపెట్టారు. చూశారు. ఏమీ అనుకోలేదు.

ఒక్కటి చెప్పు. ఆయన జవాబు నీకు వినబడిందా?

లోయిస్


ఖిదిర్‌పూర్,
మార్చి 24

ఎరిక్ బావకి,

వినబడింది. అందుకే వెనక్కి తిరగలేదు. బస్సులో నా ముఖం చూసి కండక్టరు టికెట్టు అడగడానికి రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయాడు.

సంచికకి వ్యాసం ఇచ్చేశాను. నీ పేరు అందులో ఉంది. లోయిస్ భయపడనక్కర్లేదు, నా పేరు కూడా ఉంది, నా పేరు కిందే ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు ఉంది. నవదీప్ మొత్తం చదివాడు. "తాతగారూ, ఇది వేయాలా?" అన్నాడు. ఒక్క అక్షరం తీసినా నా పుస్తకాలు నీకివ్వనన్నాను. వాడు చాలా కాలంగా వాటి మీద కన్నేశాడు.

మాట అర్థం గురించి చివర్లో ఇలా రాశాను: "కొమ్ము ఎవరిదో, గొంతు ఎవరిదో పండితులు తేల్చుకోవచ్చు. జూబిలీ అంటే గెలిచినవాడి అరుపని నిఘంటువులు చెబుతాయి. నేను చూసింది అది కాదు. అడుగున ఉన్నవాడు పిలవాలి, పైనున్నవాడు వినాలి. ఒక్కడే అరిస్తే అది ఇంకా ఆ మాట కాలేదు." వాడికి అర్థమైనట్టు లేదు. నీకవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఈస్టరుకి ఆచారం మళ్ళీ పెడతామని నవదీప్ కమిటీని ఒప్పించాడు. పాస్టరు అయ్యగారు మొదట గునిశారట, తర్వాత సరేనన్నారు. తలుపులు మూస్తారు. బయట వసారాలో నేను. లోపల నువ్వు. నీ కుర్చీ మోయడానికి డాకు కుర్రాళ్ళు నలుగురు వస్తారు, వాళ్ళలో ఇద్దరికి ఇప్పటికీ నువ్వు కేక మింగినోడివే. మోసేటప్పుడు వాళ్ళు ఆ మాటంటే వంకాయ అని చెప్పమని ప్రణతితో చెప్పాను.

నా పక్కన ఈసారి ఎవరు నిలబడినా పరవాలేదు. గొంతు సంగతే నాకు నమ్మకం లేదు. మొన్న నీ బాల్కనీ కింద మధ్యలో పగిలింది, విన్నావుగా. ఆ రోజు కూడా పగలొచ్చు, దగ్గు రావచ్చు, చాలాసేపు ఏమీ వినబడకపోవచ్చు. జనం గుసగుసలాడతారు. అయ్యగారు గడియారం చూసుకుంటారు.

నువ్వు హార్మోనియం వైపు మాత్రం చూడకు, బావా. కాస్త ఆగు. వస్తుంది.

రత్నం